రెబ్కాకు తీసింది ఏ సంచి?

మా కోడలు రెబ్కా కష్టపడి సాధించిన మొట్టమొదటి విజయం ఏమిటంటే, గుంటూరు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో, పట్టపగలు, పరాయి మనుషులు ఉండగా, నిలబడి ఒంటికి వెళ్ళడం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను, కాకపోతే తరవాత నవ్వాను. ఆ పూట మాత్రం మా అత్తాకోడళ్ళిద్దరికీ ఏడుపొక్కటే తక్కువ. మేము ఒంటికి వెళ్ళడమనేదాన్ని ఆసుపత్రి వాళ్ళు పాసు పోయడమంటారు. పాసు పోస్తేనే పరీక్ష పాసైనట్టు. ఏడో తరగతి తప్పిన మా రెబ్కా ఆ పరీక్ష కూడా పొద్దుటి నుంచి తప్పుతూనే ఉంది.

ఆ విజయంలో నా వాటా ఎంతో చెప్పే ముందు నేనెవరో చెప్పాలి. నన్ను ఎలీసమ్మ అంటారు. పర్చూరు దాటి నల్లరేగడి చేలల్లో పడితే వచ్చే పల్లె మాది. మిషను వాళ్ళ ఎలిమెంటరీ బళ్ళో ఐదో తరగతి పాసయ్యాను. ఆ బళ్ళోనే పొడుగాటి కీర్తన ఒకటి మొదలు నుంచి చివరి దాకా తడుముకోకుండా అప్పజెప్పి దొరసాని చేతుల మీదుగా బహుమతి అందుకున్నాను. బహుమతి సబ్బుబిళ్ళ. అది వేరే సంగతి. మా గుడిలో స్త్రీల సమాజానికి పన్నెండేళ్ళుగా అధ్యక్షురాలిని. ఎదురు ఎవరూ నిలబడరు, అది కూడా వేరే సంగతి. పత్తితీతకైనా మిరపకోతకైనా ఆడవాళ్ళని ముఠా కట్టి తీసుకుపోయే మేస్త్రిని నేనే. మా పల్లెకి బోరింగు వేయాలని ఒంగోలులో ఆఫీసరుగారి జీపుకి అడ్డంగా నిలబడ్డ ఆడదాన్నీ నేనే. జీపు టైరు పంచరై అప్పటికే ఆగి ఉందని గిట్టనివాళ్ళు అంటారు. బోరింగు వేశారు. ఉప్పునీళ్ళు పడ్డాయి. అయినా బోరింగు బోరింగే కదా.

నా ఘనకార్యాల్లో ఇంకొకటి, ఎనిమిదేళ్ళ కిందట సంచి తీయించుకోవడం. మా వైపు ఆడవాళ్ళకి సంచులు రెండే. చేతిలో ఉంటే గుడ్డసంచి, కడుపులో ఉంటే గర్భసంచి. 'ఫలానా ఆమెకు సంచి తీశారు' అంటే ఇక అర్థం అడిగేవాళ్ళు ఉండరు. నాకు తీసిన నెలకే చేలోకి దిగానని, చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారని, మిరపసాళ్ళలో కొత్తగా వచ్చిన ప్రతి కూలిపిల్లకీ చెప్పేదాన్ని. వాళ్ళు అడిగేవాళ్ళు కాదు. నేనే చెప్పేదాన్ని.

ఇక రెబ్కా. సింగరాయకొండ దగ్గర పిల్ల. ఆరేళ్ళ కిందట మా వాడు యేసుపాదానికి చేసుకున్నాం. యేసుపాదం ట్రాక్టరు తోలతాడు, ఇంజను చప్పుడుకి అలవాటు పడి ఇంట్లో ఎవరేమన్నా వినపడనట్టు ఉంటాడు. పిల్ల నెమ్మది. ఏడో తరగతి తప్పినా నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివిందన్నది నా గుండెలో ముల్లు. అది ఏనాడూ ఎత్తిచూపలేదు, అదింకా పెద్ద ముల్లు. ఎదురు మాట్లాడదు. నచ్చకపోతే ఒక్కటే చేస్తుంది. యూరియా గోతం కత్తిరించి కుట్టుకున్న సంచి ఒకటుంది, అందులో రెండు చీరలు పెట్టుకుని బస్సెక్కుతుంది. 'రెబ్కా సంచి సర్దింది' అంటే మా ఇంట్లో ఉరుము ఉరిమినట్టే.

పిల్లలు లేరు. ఒకసారి నెల తప్పింది గాని మూడో నెలలో పోయింది. ఆ తరవాత నాలుగేళ్ళ నుంచి దీనికి ఒంటికి వెళ్ళినప్పుడల్లా మంట. మా మిరప సీమలో మంట అంటే జబ్బుగా ఎవరు లెక్కవేస్తారు? కాయలు కోసిన చేత్తో కన్ను నలిపితే కన్ను మండుతుంది, చెయ్యి కడక్కుండా చాటుకు పోతే అక్కడ మండుతుంది. కోతల కాలంలో మా ముఠాలో మంట లేని ఆడది ఉండదు. అందుకని నేను నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. మజ్జిగ తాగించాను, సబ్జాగింజలు నానబెట్టిచ్చాను, పల్లేరుకాయల కషాయం కాచాను, బొడ్డులో ఆముదం పోశాను. ఆముదానికి చీర పాడైంది, మంట మాత్రం అలాగే ఉంది.

"కారం చేతులే, ఇంకేం కాదు. శుభ్రంగా కడుక్కోవే," అన్నాను.

"కారమైతే ముందు చెయ్యి మండాలి గదత్తా. నా చెయ్యి మండటంలా. అయినా వానాకాలంలో ఏం కాయలు కోశాం?"

జవాబు లేనప్పుడు మేస్త్రి అరుస్తుంది. "అన్నీ నీకే తెలుసు!" అని అరిచాను.

మంటతో పోతే సరే. పని కానిచ్చి లేచి నాలుగడుగులు వేశాక మళ్ళీ చుక్కలు చుక్కలుగా కారేదట. లంగా తడిసేది. చేలో నలుగురి మధ్య వంగి కాయలు కోసే మనిషికి అది చావుతో సమానం. నెలకోసారి చలిజ్వరం కూడా పట్టుకునేది. అప్పుడు టౌనులో ఒక నర్సింగ్‌హోముకి తీసుకుపోయాం. ఆ డాక్టరుగారు తల ఎత్తకుండానే విన్నాడు. ఫోటో తీయించి, అందులో ఏం లేదని పక్కన పడేశాడు. "సంచికి పుండు. తీసేస్తే పోద్ది," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు తెలిసిన విషయం వచ్చింది కదా! బస్సులో దారి పొడుగునా చెప్పాను. "నన్ను చూడు. నాకు తీసి ఎనిమిదేళ్ళు. రాయిలా లేనూ?"

రెబ్కా కిటికీలోంచి చూస్తూ ఒక్క మాట అంది. "నీకు నలుగురు పుట్టాక తీశారత్తా."

తెల్లారి లేచేసరికి యూరియా సంచి లేదు.

పదిరోజులు బింకంగా ఉన్నాను. మా వాడు పొలం నుంచి వచ్చి గోడకేసి చూస్తూ అన్నం తినడం చూడలేక సింగరాయకొండ బస్సెక్కాను. బస్సులో ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. స్త్రీల సమాజంలో నా ప్రసంగానికి కళ్ళు తుడుచుకోని మనిషి ఉండదు. కొందరు ఆవులింతకు తుడుచుకుంటారు, అది వేరే సంగతి. వాళ్ళ ఇంటి ముందు రెబ్కా చేపలు తోముతూ కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. అది తల ఎత్తలేదు.

"సంచి జోలికి రానంటే వస్తా."

ప్రసంగం మొత్తం గొంతులోనే ఉండిపోయింది. "రాను. ప్రభువు తోడు," అన్నాను.

"ప్రభువు తోడు ఊరికే అనేస్తావు. నీ మేస్త్రితనం తోడు అను."

చూశారా పిల్ల! నా ప్రాణం ఎక్కడుందో కనిపెట్టింది. "నా మేస్త్రితనం తోడు. నీ సంచి తీయిస్తే ఇక ముఠా కట్టను," అన్నాను. అది చేతులు కడుక్కుని లేచింది.

మాటైతే ఇచ్చాను. మరి సంచి తీయకుండా నయం చేసే డాక్టరు ఎవరు? అప్పుడు గుర్తొచ్చింది, డాక్టర్ జయకుమారిగారు. ఒంగోలులో మిషను వాళ్ళ సభలకు వచ్చి ఆడవాళ్ళ జబ్బుల గురించి మాట్లాడారు. ఆమె మెళ్ళో దండ వేసింది నేనే. "ఆమె నాకు బాగా తెలుసు, నా మాట తీసేయదు," అని రెబ్కాకు చెప్పి గుంటూరు తీసుకుపోయాను.

ఆమె నావంక చూసి, "మీరు?" అన్నారు.

"ఒంగోల్లో మీకు దండ వేసినదాన్నండీ."

"ఆ రోజు చాలామంది వేశారమ్మా," అని రెబ్కా వైపు తిరిగారు.

రెబ్కా నోరు కొంగుతో మూసుకుంది. నవ్విందో దగ్గిందో నేను విచారించలేదు.

అయితే ఆ డాక్టరమ్మ ఇంతవరకూ ఎవరూ అడగని మాట అడిగారు. "పాసు పోసి లేచాక మళ్ళీ కారుతుందా?"

రెబ్కా తల ఊపింది. ఆమె బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేశారు. "పాసు వచ్చే కాలవ పక్కన చేతికి చిన్న ఉబ్బు తగులుతోంది. నొక్కితే తడి వస్తోంది. ఫోటో తీస్తే గాని అదేమిటో చెప్పలేను," అన్నారు.

"మొన్న నర్సింగ్‌హోములో ఫోటో తీశారండీ. ఏం లేదన్నారు," అన్నాను.

"అది మామూలు ఎక్స్‌రే. మీ వైపు సాగర్ కాలవ ఉంది కదా. కాలవ ఎండి ఉన్నప్పుడు గట్టులో బొరియ ఉందో లేదో తెలుస్తుందా?"

"తెలవదండీ. నీళ్ళొదిల్తే అందులోకి పోతాయి, అప్పుడు తెలుసుద్ది." రెబ్కా నాకంటే ముందే అందుకుంది.

"ఇదీ అంతే. సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి మందునీళ్ళు ఎక్కిస్తాం. ఎక్స్‌రేలో అవి తెల్లగా కనిపిస్తాయి. నువ్వు పాసు పోస్తుండగా ఫోటో తీస్తాం. పక్కన బొరియ ఉంటే అందులోకి ఆ నీళ్ళు పోయి దొరికిపోతుంది."

"పోసేటప్పుడా అండీ, పోశాకనా?"

"పోసేటప్పుడే."

రెబ్కా నావంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. యూరియా సంచి ఎక్కడుందో వెతికే చూపు. నేను ముందే ఆ సంచి మీద కాలు వేసి నిలబడ్డాను.

ఎక్స్‌రే తీసే అతని పేరు ఇమ్మానియేలు. పెళ్ళికాని కుర్రాడు. రెబ్కాకు ఎంత సిగ్గో అతనికి అంతకు రెట్టింపు. నర్సమ్మ మందునీళ్ళు ఎక్కించి గొట్టం తీసేసి, పిల్లని ప్లేటుకు ఆనించి నిలబెట్టి, కింద బేసిన్ పెట్టి వెళ్ళిపోయింది. ఇమ్మానియేలు తడిక లాంటి గోడ వెనక్కి పోయాడు. దానికి చిన్న అద్దం ఉంది. అతను ఆ అద్దానికి కూడా వీపు పెట్టి నిలబడ్డాడు.

"పాసు మొదలవగానే చెప్పండమ్మా, బటన్ నొక్కుతా," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు.

"మా పిల్ల చెప్పదు. నేను చెప్తా," అన్నాను. గదిలో ఉండాలంటే ఎక్స్‌రే తగలకుండా సీసం తొడుగు వేసుకోవాలన్నారు. వేశారు. మిరపకాయలు తొక్కిన గోతం, మేమనే టిక్కీ, మెడకు కట్టినంత బరువు. అయినా నిటారుగా నిలబడ్డాను.

రెబ్కాకు రాలేదు. ఎక్కించిన నీళ్ళతో పొట్ట బిగిసిపోయి, నొప్పికి కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయి, రావాల్సిన నీళ్ళు మాత్రం రావటంలేదు. "పొయ్యవే, ఎవరు చూస్తన్నారు?" అని గదమాయించాను. రాలేదు. ప్రార్థన చేశాను. గట్టిగానే చేశాను. ప్రార్థనకి ఇమ్మానియేలు ఆమేన్ అన్నాడు గాని దానికి రాలేదు. అప్పుడతనికి ఒక ఉపాయం తట్టింది.

"పంపు తిప్పండమ్మా. నీళ్ళ చప్పుడు వింటే చాలామందికి వస్తుంది."

పంపు తిప్పాను. నీళ్ళు సన్నగా, తీరిగ్గా, బకెట్లో పడుతున్నాయి. అతను చెప్పింది అక్షరాలా నిజం. రెబ్కాకు రాలేదు గాని నాకు వచ్చింది. సీసం తొడుగుతోనే తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తాను. బెంచీల మీద వరసగా కూర్చున్న జనం, బరువు తొడుగు మెళ్ళో వేసుకుని "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ పోతున్న నన్ను చూసి ఎక్కడో అంటుకుందనుకుని సగం మంది లేచారు. ఒంగోలులో జీపుకి అడ్డంగా నిలబడిన మనిషిని అలా చూడాల్సి వచ్చింది వాళ్ళకు.

తిరిగొచ్చేసరికి రెబ్కా అలాగే నిలబడి ఉంది. కానీ ఏదో ఆలోచించినట్టుంది.

"అత్తా, కాపలా ఉండు. చేలో ఉన్నట్టు ఉండు," అంది.

మా పల్లెల్లో ఆడవాళ్ళు పొద్దు వాలాక ఊరి బయట బండ్లు తిరిగే దొంకల వైపు కలిసి పోతారు. ఒకామె అందరికీ వీపు పెట్టి, పైట చాపి అడ్డంగా నిలబడుతుంది. మగమనిషి ఎవడైనా వస్తుంటే దూరం నుంచే కేకేస్తుంది. ఆ వీపు అక్కడ ఉంటేనే మాకు పని అవుతుంది, లేకపోతే లేదు. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు అది. కాపలా పని కూడా మా ముఠాలో నాదే, గొంతు పెద్దది కనక.

నేను దానికి వీపు పెట్టి, పైట వెనక్కి చాపి, ఆ గోడను దొంక అనుకుని కేకేశాను.

"ఎవుర్రా అది? ఆగక్కడ! ఆడోళ్ళున్నారు, కళ్ళు కనపట్టంలా?"

గోడ వెనక నుంచి ఇమ్మానియేలు హడలిపోయి, "నేనేనండీ, ఇమ్మానియేలునండీ! నేను చూట్టంలేదండీ!" అని అరిచాడు.

ఆ అరుపుకు వెనకాల రెబ్కా కిసుక్కున నవ్వింది. నవ్వుతోనే బేసిన్లో చప్పుడు మొదలైంది.

"పోస్తంది! నొక్కు, నొక్కు!" అన్నాను.

అతను నొక్కాడు. అదీ మా రెబ్కా సాధించిన విజయం. అయితే ఆ మొదటి ఫిల్ము కడిగి చూస్తే దాని నడుము మీద అయిదు వేళ్ళ ఎముకలు, ఒక ఉంగరం అడ్డంగా పడ్డాయి. పైట చాపిన చెయ్యి నాదే. ఎక్స్‌రేలో కూడా ముందు నేనే ఉండాలి కదా! మళ్ళీ మందునీళ్ళు ఎక్కించారు. ఈసారి నన్ను రెండడుగులు దూరంగా నిలబెట్టారు. కేక అక్కడి నుంచే వేశాను. రెండోసారి దానికి తేలిగ్గానే వచ్చింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఫిల్ముని వెలుగుపెట్టెకు తగిలించి చూశారు. ముఖం విప్పారింది. "ఇదిగో, దొరికింది. సంచి! ఈ సంచి తీసేస్తే నీ బాధ పోతుంది," అన్నారు.

నేనేమన్నానో చెబుతాను. "నేను ముందే చెప్పా, సంచేనని!" అన్నాను. నలుగురిలో నా మాట నెగ్గిందన్న సంబరంలో మేస్త్రితనం మీద పెట్టిన ఒట్టు కూడా మరిచిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. నా కాలి కిందుండాల్సిన యూరియా సంచి కూడా లేదు.

"ఆ అమ్మాయి ఏది?" అన్నారు డాక్టరమ్మ.

"సంచి తీస్తామంటే ఉంటుందా అండీ? పిల్లలు కావాలనుకునే పిల్ల."

"దీనికీ పిల్లలకీ ఏమిటి సంబంధం?" అన్నారు. నావంక అనుమానంగా చూశారు. "ఏ సంచి అనుకున్నారమ్మా మీరు?"

"ఆడదానికి కడుపులో ఎన్ని సంచులుంటాయండీ? ఒకటేగా!"

డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకున్నారు. "అయ్యో, గర్భసంచి కాదమ్మా! పాసు వచ్చే దారి పక్కన చిన్న తిత్తిలా ఉబ్బింది. దాని గురించి నేను చెప్పేది. వెళ్ళి పట్టుకురండి, త్వరగా!"

ఆ ఎండలో బస్టాండు దాకా ఎలా పోయానో నాకే తెలియదు. మా పర్చూరు బస్సు ఇంజను ఆడుతూ ఉంది. ఎక్కి చూస్తే రెబ్కా కిటికీ పక్కన, యూరియా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"మేస్త్రితనం తోడన్నావు," అంది.

"ఆ సంచి కాదే!" అన్నాను. నా గొంతు సంగతి తెలుసుగా, బస్సంతా తిరిగి చూసింది. "నీ సంచి నీకే ఉంటదే! ఇది వేరే సంచంట! అది తీసేస్తారంట!"

కండక్టరు టిక్కెట్లు కొడుతూ ఇటు వచ్చాడు. "ఏ సంచమ్మా? టాపు మీదేశారా? ఇప్పుడు దించటం కుదరదు."

"టాపు మీద కాదయ్యా! లోపలిది!"

"లోపల యాడ పెట్టారు? సీటు కిందా?"

బస్సులో ఉన్న మగాళ్ళంతా పాపం వంగి సీట్ల కింద వెతకసాగారు. నా పక్కనున్న ముసలామెకు మాత్రం విషయం అర్థమైపోయింది. "ఆడోళ్ళకి ఇంకో సంచి కూడా ఉండిద్దంటనే?" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

రెబ్కా నవ్వలేదు. "నీకెట్టా తెలుసు, వేరే సంచని?"

"డాక్టరమ్మ చెప్పింది."

"మరి ఇందాక?"

"ఇందాక కూడా అదే చెప్పిందంట. మనకర్థం కాలా."

"మనకా?"

"సరే, నాకు. నాకర్థం కాలేదు. నువ్వు దిగు."

అది కాసేపు నా ముఖంలోకి చూసింది. అబద్ధమాడితే నా కుడి కన్ను అదురుతుందని దానికి తెలుసు. అదరలేదేమో, లేచింది. "నాకా ఫోటో చూపించి, ఏది యాడుందో చెప్తేనే నమ్ముతా," అంది. మేం దిగుతుంటే కండక్టరు వెనక నుంచి, "సంచి దొరికిందా అమ్మా?" అని అడిగాడు. మంచివాడు.

డాక్టరమ్మ ఆ ఫిల్ము ముందు రెబ్కాను నిలబెట్టి వేలుతో చూపించారు. పైన తెల్లగా, బోర్లించిన చెంబులా ఉన్నది మూత్రాశయం. కిందికి దిగే సన్నటి తెల్లటి గీత కాలవ. ఆ గీత పక్కన, అంటీ అంటనట్టు, బొబ్బరగింజంత చుక్క.

"పాసు పోసేటప్పుడు కొన్ని నీళ్ళు దీంట్లోకి పోయి దాక్కుంటాయి. నువ్వు లేచి నడిస్తే కారేవి అవే. నిలవ నీళ్ళు చెడిపోతాయి కదా, ఆ మంటా ఆ జ్వరం అందుకే."

"కారం చేతుల వల్ల కాదా అండీ?" అంది రెబ్కా. అడిగింది డాక్టరమ్మను, చూసింది నన్ను.

"కారానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"మరి గర్భసంచి యాడుంది ఇందులో?"

"ఈ ఫోటోలో లేదు. అది ఇంకా పైన, వెనకవైపు ఉంటుంది. నేను దాని దగ్గరికి కూడా పోను."

"ఇది తీస్తే పిల్లలు పుడతారా అండీ?"

"పుడతారని మాటివ్వలేనమ్మా. అది వేరుగా చూడాలి. పుట్టకుండా మాత్రం ఈ ఆపరేషను అడ్డం రాదు."

రెబ్కా ఆ బొబ్బరగింజంత చుక్కను చాలాసేపు చూసింది. నాలుగేళ్ళ మంట అంత చిన్నదా అన్నట్టు చూసింది. తరవాత యూరియా సంచి నా చేతికిచ్చింది. "పట్టుకో అత్తా. చేయించుకుంటా," అంది.

ఇక మీద పేషెంట్ల దగ్గర సంచి అనకుండా తిత్తి అంటానని డాక్టరమ్మ అన్నారు. అంత చదివిన డాక్టరుగారికి తెలుగు దిద్దినదాన్ని నేను. దిద్దింది నా తెలివి కాదు, నా తెలివితక్కువ. అయినా దిద్దానా లేదా?

ఫిబ్రవరిలో ఆపరేషను అయింది. తిత్తి తీసేసి కుట్లు వేశారు. మావాణ్ణి దాని దగ్గర ఉంచి నేను కోతలకు ఊరొచ్చాను. కుట్టు మానేదాకా గొట్టం ఉంచాలని, తరవాత మళ్ళీ అదే ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారటంలేదని చూశాకే గొట్టం తీసి ఇంటికి పంపుతామని చెప్పారు. ఎక్కడన్నా కారిందా, మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఆ ఎక్స్‌రేకి కాపలా ఉండటానికి నేను చీర కూడా తీసిపెట్టుకున్నాను. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నా ముఠాను ఎవరికైనా అప్పజెప్పి వస్తానని కబురు పంపాను. రెబ్కా దగ్గర్నుంచి తిరుగు కబురు వచ్చింది.

"రావద్దత్తా. మళ్ళీ నీ చెయ్యి ఫోటోలో పడిద్ది."

రెండు రోజులు ఆ మాటకి మూతి ముడుచుకుని తిరిగాను. మిరపసాళ్ళలో కూలోళ్ళు అడగటం మాత్రం మానలేదు. మొదలుపెట్టింది అంకమ్మ. నా తరవాత రెండేళ్ళకు సంచి తీయించుకున్న మనిషి, నేను బాగుందని చెబితే ధైర్యం చేసిన మనిషి.

"ఏం మేస్త్రమ్మా, కోడలికి సంచి తీశారంటగా? అయ్యో, ఇంక పిల్లల ఆశ లేదన్నమాట!"

"తీసింది తిత్తి. సంచి ఉంది," అన్నాను.

"రెండూ ఒకటి కాదా?"

కాయల తట్ట దించి నేల మీద పుల్లతో గీసి చూపించాను. చెంబు, గీత, బొబ్బరగింజ. పక్క సాళ్ళ వాళ్ళు కూడా వచ్చి చూశారు. నేను గీసింది దోసకాయలా ఉందని నవ్వారు. నాకంటే బాగా గీస్తానని ఒకతె పుల్ల లాక్కుని ఇంకా చెడగొట్టింది. అందరూ పనిలోకి పోయాక కూడా అంకమ్మ అక్కడే ఉంది.

"ఏందే, నీక్కూడా మంటా?" అన్నాను.

"అది కాదు. నాకు కూడా అప్పుడు ఒంటికి పోతే మంటనే డాక్టరు దగ్గరికి పోయా. ఫోటో ఏం తీయలా. నీకు తీశారా, వదినా?"

సాలులోకి వంగి కాయలు కోశాను. నాకు తీశారో లేదో నేను అడగలేదు. అది వేరే సంగతి.

నిన్న సాయంత్రం యేసుపాదం గుంటూరు నుంచి వచ్చాడు. ట్రాక్టరు లేదు కనక ఈసారి మాటలు బాగానే వినపడ్డాయి, చెప్పడం కూడా బాగానే చెప్పాడు. ఎక్స్‌రే తీశారట. గీత ఒక్కటే ఉందట, పక్కన చుక్క లేదట, ఎక్కడా కారలేదట. గొట్టం తీసేశారట. రెబ్కా సొంతంగా పాసు పోసిందట, మంట లేదట, లేచాక చుక్క కూడా కారలేదట.

"మరి ఎక్స్‌రే గదిలో కాపలా ఎవరున్నార్రా?" అన్నాను. నా ప్రాణమంతా అక్కడే ఉంది.

మావాడు తల గోక్కున్నాడు. "ఇమ్మానియేలే అమ్మా. గోడెనక నుంచి 'నేను చూట్టంలేదండీ, నేను చూట్టంలేదండీ' అని అరుస్తా ఉండమని రెబ్కా చెప్పిందంట. అయ్యేదాకా అరిచాడంట పాపం."

బోరింగు దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను. ఉప్పునీళ్ళు కళ్ళల్లో పడి మండాయి. తిరిగొచ్చి మావాణ్ణి మళ్ళీ అడిగాను, ఎప్పుడు పంపుతారని. రేపో ఎల్లుండో కాదట, ఇంకొక్కసారి చూసి పంపుతామన్నారట. సంచి తనే సర్దుకుంటానని, దాని మీద ఎవర్నీ కాలు వేయొద్దని చెప్పమందట.

రెబ్కా వచ్చేది 1987 మార్చి 14, శనివారం, గుంటూరు నుంచి సాయంత్రం వచ్చే బస్సుకి.